తొమ్మిదో మెట్టు

వాల్పరైసోలో ఇళ్ళన్నీ కొండను కరుచుకుని
సముద్రంలోకి తొంగిచూస్తుంటాయి.
మా మెట్లదారిలో, కిందనుంచి తొమ్మిదో మెట్టు దగ్గర,
నాది రొట్టెల కొట్టు.
పక్కనే పట్టాల మీద ఎక్కే దిగే పాత లిఫ్టు.
దాని టికెట్ గదిలో ఇరవై తొమ్మిదేళ్ళు కూర్చుంది
ఓర్తెన్సియా.
కొండవాళ్ళందర్నీ పైకి పంపింది,
తను మాత్రం కుర్చీ దిగలేదు.

నిరుడు మార్చిలో లిఫ్టుకు తాళం పడింది.
మరమ్మతులన్నారు. మునిసిపాలిటీ మరమ్మతులు
ఎన్నాళ్ళో అడక్కండి.
ఆమె మోకాళ్ళు అప్పటికే మొండికేశాయి.
క్లినిక్కులో నర్సు రక్తపోటు చూసి
చీటీ మీద ఒకే ఒక్క మాట రాసిచ్చిందట:
నడవండి.

మొదటిరోజు నాకు బాగా గుర్తు.
ఇంట్లో తొడుక్కునే ఉన్ని జోళ్ళతోనే వచ్చింది.
తొమ్మిది మెట్లు.
నా గుమ్మం పట్టుకుని, కాసేపు ఊపిరి వెతుక్కుని,
"రెండు రొట్టెలు" అంది.
తీసుకుని దిగిపోయింది.

మర్నాడూ తొమ్మిదే.
ఆ మర్నాడూ.
నెలంతా తొమ్మిదే!
"ఇంకో నాలుగు ఎక్కి చూడు, పోయేదేముంది?" అన్నాను.
"పోయేదుంది," అంది. "రేపు."

నాకు అర్థం కాలేదు.
ఆరంభశూరుణ్ణి నేను.
ఆ జనవరిలోనే సగం నెల లాభం పోసి
ఎర్రచారల బూట్లు కొన్నాను.
ఒక్క ఆదివారం లైట్‌హౌస్ దాకా పరుగు,
గాలిని చీల్చుకుంటూ, పెలికన్లను బెదరగొడుతూ.
సోమవారానికి మోకాలు గుమ్మడికాయ.
ఇప్పుడా బూట్లలో ఉల్లిపాయలు దాస్తున్నాను.
గాలి బాగా ఆడుతుంది, కుళ్ళవు.

మే నెలలో ఒక పొద్దున
ఆమె నా కొట్టు దాటేసింది.
నాతో చెప్పనైనా లేదు.
పద్నాలుగో మెట్టు మీద
గోధుమరంగు వీధికుక్క పక్కన కూర్చుంది.
అది ఎవర్నీ దగ్గరకు రానివ్వదు.
కానీ రోజూ ఒకే వేళకు వచ్చి,
పక్కన కూర్చుని, ఏమీ అడక్కుండా
లేచిపోయే మనిషిని ఎంతకాలమని గుర్రుమంటుంది?
వారం తిరిగేసరికి కాస్త జరిగి చోటిచ్చింది.

తర్వాత ఇరవై, ముప్ఫై, అరవై రెండు.
ఆపైన జూన్ వానలు.
మెట్లన్నీ కాలవలు. ఊరంతా దగ్గు.
పదహారు రోజులు ఆమె జాడ లేదు.
ఇంకేముంది, అయిపోయిందనుకున్నాను.
నిజం చెప్పొద్దూ,
నాలో ఎక్కడో చిన్న ఊరట కూడా కలిగింది.

పదిహేడో రోజు తలుపు తీస్తుంటే
ఎదురుగా ఆమె. కాళ్ళకు రబ్బరు జోళ్ళు.
అరవై రెండు ఎక్కిన మనిషి
నా గుమ్మం పట్టుకుని ఆగిపోయింది.
"మళ్ళీ మొదటికొచ్చిందా కథ?"
"మొదలు నాకు తెలిసిన చోటేగా," అంది
సంచి విప్పుతూ. "రెండు రొట్టెలు."

సెప్టెంబరులో, గాలిపటాలు ఎగిరే వారంలో,
పై వీధినుంచి ఇద్దరాడవాళ్ళు
పేకముక్కల మీద పోట్లాడుకుంటున్న చప్పుడు
గాలి మోసుకొచ్చింది.
ఒక గొంతు కుట్టుపని ఎడెల్మీరాది.
ఆ రెండో గొంతు
తొమ్మిదో మెట్టు దగ్గర ఆయాసపడుతూ
నేను విన్నదే.

లిఫ్టు మళ్ళీ తెరిచారు. కొత్త రంగు,
మనిషి అక్కర్లేని టికెట్ యంత్రం.
ఓర్తెన్సియా దిగడానికి మాత్రం దాన్ని వాడుతుంది.
మోకాళ్ళకు దిగడమే కష్టమట.
ఎక్కడం సంగతి ఎవరూ అడగరు,
ఆమే చెప్పదు.

నా ఉల్లిపాయలు ఇంకా బూట్లలోనే ఉన్నాయి.
ఈ పూట మాత్రం
చెత్తసంచి పనికుర్రాడికి ఇవ్వకుండా
నేనే మోసుకెళ్ళాను, కింది తొట్టెదాకా.
తొమ్మిది దిగి,
తొమ్మిది ఎక్కి.

రేపు కూడా చెత్త ఉంటుంది.